ఆర్. ఆర్. ఆర్. చిత్రమునందలి చెరసాల ఘట్టము: కర్తృత్వ విచారము

విజయవాడలో గవర్నరుపేట యను పేట కలదు. ఆంగ్లేయులు దేశమును వీడి డెబ్బదియైదు సంవత్సరములు దాటినను ఆ పేరు మాత్రము మారలేదు. ఆ పేటయందును, దాని నంటియున్న గాంధీనగరమునందును చలనచిత్ర ప్రదర్శనశాలలు, చిత్రముల పంపిణీదారుల కార్యాలయములు చిరకాలముగా వెలసియున్నవి. 2022 సంవత్సరము మార్చి 25వ తేదీన విడుదలయిన “ఆర్. ఆర్. ఆర్.” చిత్రమున ప్రతినాయకుడు స్కాట్ బక్స్‌టన్ అను ఆంగ్లేయ గవర్నరు. అతని వధయే కథాఫలము. గవర్నరు పేరు మోయుచున్న పేటలో గవర్నరు వధను చూచి జనులు ఈలలు వేయుట వినోదకరమే. కాని వినోదముకంటె విచారింపదగిన ప్రశ్న యొకటి ఆ చిత్రమునందు దాగియున్నది: ఆ వధను చేసిన వాడెవడు, చేయించిన వాడెవడు?

చిత్రమునకు దర్శకుడు ఎస్. ఎస్. రాజమౌళి; కథ విజయేంద్రప్రసాదుగారిది; సంభాషణలు బుర్రా సాయిమాధవునివి. రౌద్రము, రణము, రుధిరము అను మూడు పదముల తొలి యక్షరములే పేరు. ఇందు మొదటిది రసము, రెండవది దానికి రంగము, మూడవది దాని శేషము. పేరు పెట్టినవారు క్రమ మెఱిగియే పెట్టిరని చెప్పవచ్చును. 1920వ సంవత్సరము కథాకాలము, ఢిల్లీ నగరము ప్రధానరంగము. గవర్నరు దంపతులు గోండుగూడెమునుండి మల్లి యను బాలికను కొనిపోగా, ఆమెను విడిపించుటకై కొమరం భీముడు అఖ్తరను ముస్లిము యువకుని వేషమున ఢిల్లీ చేరును. అతనిని పట్టుటకు పూనుకొన్న పోలీసు అధికారి అల్లూరి సీతారామరాజు. ప్రభుత్వసేవలో నుండి స్వజనులకు తుపాకులు సంపాదించుట యతని రహస్యసంకల్పము. ఒకరి నొకరు ఎఱుగక మిత్రులగుదురు, ఎఱిగి శత్రువులగుదురు. భీముడు చెరసాలపాలగును. రాముడు తన సంకల్పమును ప్రక్కన బెట్టి యతనిని తప్పించి, తాను భూగర్భపు కొట్టులో బంధింపబడును. సీతవలన నిజము తెలిసికొన్న భీముడు మరల వచ్చి చెరసాల బ్రద్దలుకొట్టి, నడువలేని రాముని భుజములపై నెక్కించుకొని బయటపడును. అటుపై అరణ్యమున యుద్ధము, గవర్నరు వధ.

చరిత్రలో నీ యిద్దఱును ఎన్నడును కలిసికొనలేదు. అల్లూరి సీతారామరాజు పోలీసుకొలువు చేసినవాడు కాడు. పోలీసు ఠాణాలపై దాడి చేసినవాడు. 1922 ఆగస్టు మాసమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దండెత్తి తుపాకులను, మందుగుండును కొనిపోయెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరువద్ద చంపబడెను. కొమరం భీముడు నైజాము రాజ్యమునందలి ఆసిఫాబాదు ప్రాంతపు గోండు. అటవీశాఖవారి దౌష్ట్యమునకును, భూమి కాజేసినవారికిని ఎదురునిలిచి, పండ్రెండు గ్రామములకు స్వయంపాలన మడిగి, 1940లో జోడేఘాటువద్ద నిజాము బలగముల తుపాకులకు ఆహుతి యయ్యెను. ఇరువురి మరణములకు నడుమ పదునాఱు సంవత్సరముల యెడము కలదు. ఇది కల్పిత కథయని చిత్రకర్తలు మొదటనే చెప్పిరి గనుక, కాలవిరోధము, దేశవిరోధము అని దోషములు లెక్కపెట్టుట విమర్శకుని పని కాదు.

ఏలయన ప్రసిద్ధకథను మార్చుకొను స్వాతంత్ర్యము కవికి ఆలంకారికు లెన్నడో యిచ్చియున్నారు. నాయకునకు తగనిదిగాని, రసమునకు విరుద్ధముగాని అగు భాగము ఇతివృత్తమున నున్నయెడల దానిని విడువవలె ననియో, మఱియొక విధముగ కల్పింపవలె ననియో దశరూపకకారుడు విధించెను. కాబట్టి మార్చెనా లేదా యనునది ప్రశ్న కాదు. ఏది తగదని తలచి మార్చెను, మార్చుటవలన ఎవనికేమి లభించెను, ఎవనికేమి పోయెను? ఈ ప్రశ్నకు సమాధానము సంభాషణలలో వెదకుటకంటె క్రియలలో వెదకుట మేలు. వ్యాకరణశాస్త్రమున కర్త యనగా స్వతంత్రుడు. ఆ స్వతంత్రుని ప్రేరేపించువాడు హేతువు, అనగా ప్రయోజకకర్త. ప్రేరణకు లోబడి క్రియ జరుపువాడు ప్రయోజ్యుడు. క్రియ యతని చేతులమీదుగానే జరుగును, కాని వాక్యమున ప్రథమావిభక్తి యతనిది కాదు. తెలుగున వానికి “చేత” యను తృతీయ యే గతి. చిత్రమునందలి ప్రధానక్రియ లొక్కొక్కదానిని ఈ త్రాసున తూచి చూడవలెను.

మొదట కొరడాదెబ్బల ఘట్టము. బహిరంగస్థలమున భీముని కట్టి, మోకాళ్లపై వ్రాలుమని కొట్టుదురు, కొట్టువాడు రాముడే. పైకి చూడ భీముడిచ్చట క్రియాఫలమును భరించు కర్మ మాత్రమే. కాని మోకాలు వంచకుండుట యను క్రియ కొకడే కర్త, అతడు భీముడు. గవర్నరు భార్య ముండ్లకొరడా నిప్పించినను, శరీరము చీలుచున్నను, అతడు పాడుచునే యుండును. సుద్దాల అశోక్‌తేజ రచించి కాలభైరవ పాడిన యా గీతము తెలంగాణపు పల్లెపలుకుబడిలో సాగుటచేత కరుణము వీరమునకు అంగమై నిలిచినది. చూచువారు తిరుగబడుదురు, ఎవరును వారిని ప్రేరేపింపలేదు. ఒక బందీ దేహము జనసమూహమునకు హేతువైనది. ప్రయోజకకర్తృత్వ మిచ్చట బంధితునిది. పరపాలనలో చెరసాల యొక్క రాజకీయార్థ మిదియే. 1908లో బెజవాడ “స్వరాజ్య” పత్రికలోని వ్రాతకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఖైదుచేసి ప్రభుత్వము కోరినది నిశ్శబ్దము, పొందినది ఆంధ్రదేశమంతటను మ్రోగిన పేరు. చిత్రకర్తలకీ మర్మము బాగుగ దెలియును. ఈ యొక్క ఘట్టమునకే ఆ చిత్రమును మరల చూడవచ్చును.

ఇక చెరసాల భేదనము. భూగర్భమున వెలుతురు లేని కొట్టు. కాళ్లు చెడిన రాముడు. పైనుండి చప్పుడుతో జాడతీయు భీముడు. అతడు వచ్చుటకు కారణము సీత చెప్పిన మాట యే యైనను, ఆమె పొమ్మనలేదు, ప్రేరేపింపలేదు. తన ప్రాణమును కాపాడినవానిని తాను శత్రువనుకొంటినన్న పశ్చాత్తాపమే యతనిని కదిల్చినది. కనుక “విడిపించెను” అను క్రియకు భీముడు పూర్ణముగ కర్త. పిమ్మట భుజములపై రాముడు, క్రింద భీముడు, పైవాని రెండు చేతులను రెండు తుపాకులు. ఈ దృశ్యమునందు రెండు పురాణములు కలిసికొన్నవి. లక్కయింటినుండి తల్లిని, సోదరులను మోసికొని సొరంగమున వెడలిన భారత భీముడొకడు. రామలక్ష్మణులను భుజముల నిడుకొన్న హనుమంతు డొకడు. ఇరువురును వాయుపుత్రులే యగుటచేత పేరుల పొత్తు చక్కగ కుదిరినది. తెలుగు ప్రేక్షకునకు ఈ బింబము నెవరును విప్పి చెప్పనక్కఱలేదు. తిరునాళ్లలో, తోలుబొమ్మలలో చూచినదే.

అయితే ఈ రెండు పురాణములును ఒకే యర్థము నీయవు. లక్కయింటి భీముడు మోయునపుడు మోయబడువారు యుద్ధము చేయరు. ఆ రాత్రి కర్తృత్వమంతయు నతనిదే. హనుమంతుడు మోయునపుడు స్వామికార్యము నడచును. చిత్రమున క్రిందివాడు కాళ్లు, పైవాడు చేతులును కన్నులును. సమాసభాషలో చెప్పవలెనన్న, ద్వంద్వముగా మొదలైన రామభీములు ఈ గోడ దాటునప్పటికి తత్పురుషము వైపు మొగ్గుట కిది మొదటి గుర్తు. ఉభయపదార్థములును ప్రధానములుగా నుండవలసినచోట ఒకటి రెండవదానికి విశేషణ మగుచున్నది. కాళ్లు కొండవానివి, తల క్షత్రియునిది యను విభాగము ఈ దేశమున పురాతనమైనది. చిత్రకర్తలు దాని నుద్దేశించి చేసిరనుట అన్యాయమగును. బింబములు కవి యుద్దేశమును మించి పలుకును. అందుకే వానితో జాగ్రత్త యవసరము.

అరణ్యమున నీ మొగ్గు స్పష్టమగును. భీముడు మూలికలతో రాముని కాళ్లను బాగుచేయును. ఇంతవఱకు విద్య భీమునిది, ఫలము రామునిది. అంతట అచ్చటి శ్రీరామవిగ్రహము చెంతనున్న విల్లంబులను, కాషాయమును రాముడు ధరించి దేవతామూర్తి వలె లేచును. పాశ్చాత్య విమర్శకులలో కొందఱు దీనిని మతరాజకీయముగ చదివిరి. ఆ యాక్షేపణ అర్ధసత్యము. అల్లూరి సన్న్యాసిజీవనము చరిత్రసమ్మతమే. మన్యపు జను లతనిని దైవాంశసంభూతునిగా తలచిరనుటయు చరిత్రయే. 1974లో కృష్ణ నటించిన “అల్లూరి సీతారామరాజు” మొదలు ఊరూర నిలిచిన విగ్రహములవఱకు ధనుర్ధారియైన యా రూపము జనమునకు పరిచితమే. తప్పు కాషాయమున లేదు, తప్పు వింటియందున్నది. విల్లు మన్యపుబిడ్డల నిత్యాయుధము. రంప పితూరీలో అల్లూరి వెంట నడచిన కొండవారి చేతులలో నుండెడిది అదియే. ఆ విల్లు చిత్రమున కొండవాని చేతినుండి కాక దేవుని సన్నిధినుండి రామునకు లభించినది. ప్రక్కన నిలిచిన గోండునకు ఈటె మిగిలినది. ఎవనిదో యైన వస్తువు దైవప్రసాదమై మఱియొకనికి చెందిన తోడనే, ఇచ్చినవాని పేరు చెఱిగిపోవును.

వధాఘట్టము వ్యాకరణపాఠమే. చిత్రారంభమున గవర్నరు తుపాకిగుండు వెల లెక్కగట్టి, సముద్రములు దాటివచ్చిన గుండు నల్లవాని ప్రాణముకంటె విలువైనదని, దానిని వృథాచేయరాదని శాసించును. కథాంతమున ఆ గుండుతోనే యతడు చచ్చును. ఈ కూర్పు మెచ్చదగినది. ఆద్యంతముల నింత గట్టిగా ముడివేసిన చిత్రములు తెలుగున తఱచు కానరావు. కాని తుపాకి భీముని చేతనున్నది. నింపుము, గురిపెట్టుము, కాల్చుము అను ఆజ్ఞలు రాముని నోటినుండి వెడలును. అవి రాముడు తండ్రివద్ద నేర్చిన మాటలు. మల్లిని చెరగొన్నవాడు గవర్నరు, మల్లి భీమునింటి బిడ్డ. పగ భీమునిది, వేలు భీమునిది. వాక్యము మాత్రము “రాముడు భీమునిచేత కాల్పించెను” అని యేర్పడినది. ఒక్క ప్రేరణార్థకప్రత్యయముతో చిత్రమున మూడు గంటలు సమానముగ నడచిన కథ పెద్ద, చిన్న యని విడిపోయెను.

అన్నింటికంటె విచారింపదగినది చివరి కోరిక. తనకు మేలుచేసిన భీమునితో ఏమి కావలయునో కోరుకొమ్మని రాముడడుగగా, తనకును తనవారికిని చదువు కావలె ననును. రాముడు జెండాపై “జల్ జంగల్ జమీన్” అని వ్రాయును. ఇది నిందార్హమా యని సంశయింపవచ్చును. చదువు కోరుట యేనాడును కించపాటు కాదు. 1940 నాటి పోరాటము పిమ్మట నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్, గోండుల దుఃస్థితిని పరిశీలించి, 1943లో మార్లవాయి గ్రామమున ఉపాధ్యాయ శిక్షణకేంద్రము నెలకొల్పించెను. గోండీభాషలో వాచకములు వెలువడెను. అనగా ఆ జనులకు చదువుయొక్క యవసరము నిజముగ నుండెను, నేటికిని నున్నది. ఇంతవఱకు చిత్రకర్తలది న్యాయమే.

కాని భీముని జీవితగాథలు వేఱొకటి చెప్పుచున్నవి. యౌవనమున అతడు గూడెము విడిచి చాందాప్రాంతము చేరి, అచ్చట విఠోబా యను ముద్రాపకుని యొద్ద ఉర్దూ, హిందీ, ఆంగ్లము చదువ నేర్చెను. పిమ్మట అస్సాము తేయాకుతోటలలో కూలియై, కూలీల కలహమున బందియై, కొలది దినములలో చెఱనుండి తప్పించుకొని వచ్చెను. ఈ గాథయందు ప్రతివిషయమును ప్రమాణసిద్ధమని వాదింప నక్కఱలేదు. గోండులు తమ వీరుని ఎట్లు తలచుకొనుచున్నారో దానివలన తెలియును. వారి స్మృతిలో భీముడు అక్షరము వచ్చినవాడు. చెఱనుండి తన్ను తానే విడిపించుకొన్నవాడు. చిత్రము తీసివేసినవి సరిగా ఈ రెండే. చెఱనుండి అతనిని రాముడు విడిపించును. అక్షరమును అతనికి రాము డిచ్చును. నాయకునకు తగనిదానిని విడువవలె నన్న దశరూపకకారుని విధి ననుసరించి యడిగిన, గోండు వీరునకు చదువు ఏవిధమున తగనిది? ఏ రసమునకు విరుద్ధము? ఎఱిగినవానిని ఎఱుగనివానిగ చేయుటవలన వీరము పెరుగదు, స్నేహము పెరుగదు, పెరిగినది గురుస్థాన మొక్కటియే.

మఱియు లిపి విషయము. ఆదిలాబాదు ప్రాంతమునందలి గుంజాల గ్రామమున గోండీభాషకు సొంత లిపిలో వ్రాసిన ప్రాచీనపుస్తకములు కొన్ని లభించినవి. అవి సుమారు 1750 నాటివని పండితుల యూహ. గుంజాల గోండీలిపి యని పేరు వహించిన యా యక్షరములకు 2018లో యూనికోడునందు స్థానము దొరకినది. గోండీ మన తెలుగునకు దూరపుబంధువు కాదు. ద్రావిడభాషలలో తెలుగుతో నొకే శాఖకు చెందినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. అట్టిచో తెలుగువాడు గోండునకు అక్షరదానము చేయుచున్నట్లు చూపుట సహోదరుని యింటి దీపమును చూడక తన దివ్వె నందిచ్చుట వంటిది. “జల్ జంగల్ జమీన్” అను మాటలనైనను పరికింపుడు. మొదటి రెండును సంస్కృతమూలకములు, మూడవది పారసీకము. నీరు, అడవి, నేల యని తెలుగునగాని, గోండీపదములతోగాని యనక, పాలకులకు, పొరుగువారికి, తనవారికి ఒక్కమాఱే యర్థమగు భాషలో నినాదము కట్టినవానికి నాలుగు భాషల మర్యాద తెలిసియుండవలెను. ఆ నినాదము భీమునిదిగ ప్రసిద్ధము. తెరపై దాని లేఖకుడు వేఱొకడు.

ఆ నినాద మెవరిపై లేచినదో ఆ విషయమును మాఱినది. చరిత్రలో అది నిజాము అటవీశాసనములకు ఎదురు. చిత్రమున నిజాము తరపువాడొకడు ఢిల్లీకి వచ్చి, గోండుల కాపరిని గూర్చి దొరలను హెచ్చరించి పోవును, అంతే. శత్రువు దూతగ మిగిలెను. ఆంగ్లేయు లొక్కరినే శత్రువుగ నిలిపిన కథకు దేశమంతట ప్రేక్షకులు లభింతురు, విదేశమునను లభించిరి. నాటునాటు గీతమునకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానమును లభించెను. స్వదేశపు జాగీర్దారును, పట్వారిని, అడవిజవానును శత్రువుగ చూపిన కథ కట్టి గౌరవము కష్టము. అల్లాణి శ్రీధరుని “కొమరం భీం” చిత్రము 1990లో తయారై 2010 వఱకు తెరకు రాలేదను సంగతి యిచ్చట స్మరింపదగును. కృష్ణామండలమునకు చెందిన గూడవల్లి రామబ్రహ్మము 1939లో “రైతుబిడ్డ” తీసి జమీందారుల ఆగ్రహమునకు గుఱియైన విషయమును తెలుగు చిత్రచరిత్ర యెఱుగును.

అఖ్తరు వేషమును గూర్చి 2020 అక్టోబరులో లఘుచిత్రము విడుదలైనపుడే ఆదివాసులు కొందఱు నిరసించిరి. తమ వీరునకు టోపీ పెట్టుట అవమానమని వారి మాట. కథలో అది ప్రచ్ఛన్నవేషము. విరాటనగరమున వలలుడై వంటలు చేసిన భీముని తలచినవారికి అది దోషముగ తోపదు. పైగా ఆ వేషమున నతనికి అన్నము పెట్టిన ముస్లిము కుటుంబము చిత్రమునందలి సుజనులలో నొకటి. నిరసన వేషముపై గాక చదువుపై జరిగియుండినయెడల బలము హెచ్చుగ నుండెడిది.

చివరి గీతమున బోసు, పటేలు, భగత్సింగు మున్నగువారి చిత్తరువులు జెండాతో కూడ వచ్చును. గాంధిగారు లేరని పెద్ద చర్చ జరిగినది. 1921లో పింగళి వెంకయ్యగారు కాంగ్రెసు సభాసమయమున గాంధిగారికి జెండా చూపిన బెజవాడలో ఆ చర్చ సహజమే. కాని గాము గంటందొర చిత్తరువు లేదని యెవరును బాధపడినట్లు వినరాదు. అల్లూరి పడిపోయిన పిమ్మట 1924 జూను వఱకు పోరాడి మడిసినవా డతడు. అతని సోదరుడు గాము మల్లుదొర అండమానులో చెఱ యనుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. చిత్రము విడుదలయిన పది దినములకు, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రముగ అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది; భీముని పేర జిల్లా తెలంగాణమున 2016లోనే యేర్పడినది. అందలి పేరు “కుమురం”, చిత్రగీతమునందు “కొమురం”, వాడుకలో “కొమరం”. ఏది సాధువో గోండుల నడిగి తెలిసికొనవలెను గాని తెలుగు నిఘంటువులు చూచి కాదు.

చెరసాల భేదనమును గోరు దర్శకునకు చరిత్రయం దొకటి సిద్ధముగ నున్నది. 1922 ఆగస్టు 24న రాజవొమ్మంగి ఠాణాపై పడిన అల్లూరి దళము తుపాకులతో కూడ అచ్చట బందీగ నున్న వీరయ్యదొరను విడిపించెను. వీరయ్యదొర అంతకుముందే ప్రభుత్వముపై తిరుగబడి పట్టువడినవాడు. విడుదలయై పితూరీలో చేరి తన పోరు తాను కొనసాగించెను. అల్లూరి పట్టుకొన్న యాయుధముల లెక్కను ఠాణా పుస్తకమున వ్రాసి సంతకము చేసిపోయెను. ఆ రాత్రి ఒకడు విడిపించెను, ఒకడు విడివడెను. అటుతరువాత ఇరువురును కర్తలే.